వేట లేని రోజులు

వేటకెళ్ళే ఇంటి కోడలికి చేపల వాసన పడడం లేదట. పక్కింటి సూర్యకాంతమ్మ కుళాయి దగ్గర పదిమందిలో అందట. "సదువుకున్న పిల్లని తెచ్చుకున్నారు కదేటి, రేపు సముద్రం వాసనొత్తందని కిటికీలు మూయించీగల్దు" అని కూడా అందట. ఈ మాటలన్నీ ఒక్కటీ పొల్లుపోకుండా మోసుకొచ్చి, చేపకి పొలుసు తీస్తూ నాకు అప్పజెప్పింది మా అత్త చిట్టమ్మ. తను సూర్యకాంతమ్మకి ఏం జవాబు చెప్పిందో మాత్రం చెప్పలేదు. నాకు అడిగే వ్యవధీ లేదు. అప్పటికే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బాత్రూంలోకి పరుగెత్తాను.

నేను తిరిగొచ్చేసరికి ఆమె పొలుసు తియ్యడం అయిపోయింది. "వాంతులు నాకూ అయినాయి. గంప దించీసి, రోడ్డు పక్కన కక్కీసి, మల్లీ ఎత్తుకునీదాన్ని" అంది, నా వైపు చూడకుండా.

నేను భీమిలి అవతల సముద్రం ఒడ్డు పల్లెలో పుట్టినదాన్ని. పసితనంలో వలల కుప్ప మీదే నిద్రపోయేదాన్నని మా అమ్మ చెబుతుంది. చేపల వాసన నాకు ఇంటి వాసన. కానీ కడుపొచ్చిన ఆరో వారం నుంచి నా ముక్కు నా ముక్కులా లేదు. రెండో అంతస్తులో కూర్చుని, కింద సందులో ఏ గంప పోతోందో చెప్పగలుగుతున్నాను. మా ఆయన గణేష్ లుంగీకి అంటిన డీజిలు, మూడిళ్ళ అవతల మాడిన పోపు, వాన కురవబోయే ముందు ఇసుక లోంచి లేచే చల్లటి వాసన, అన్నీ ముందుగా నాకే తెలుస్తున్నాయి. కక్కుకుంటున్నప్పుడు కూడా, ఇన్నేళ్ళూ ఈ ముక్కు ఎక్కడ దాక్కుందా అని ఆశ్చర్యమేసేది. లోపల ఎవరో వచ్చి, ఇల్లు తమకి నచ్చినట్టు సర్దుకుంటున్నారు. నన్నొక్క మాట అడగలేదు.

నేను గవర్రాజు గారి మెడికల్ షాపులో బిల్లులు కొడతాను. మొదటిసారి కడుపుతో ఉన్న అమ్మాయిలు చీటీ పట్టుకుని వస్తారు. ఫోలిక్ యాసిడ్ షీటు కత్తిరించి ఇస్తూ, బీఎస్సీ చదివినదాన్ని కదా, నాలుగు మంచి మాటలు చెప్పేదాన్ని. "మొదటిసారా? భయపడకండి. వాంతులు మామూలే. లేవగానే రెండు బిస్కెట్లు తినండి. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెంగా తినండి. రక్తం కనబడినా, నొప్పి వచ్చినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండి. బాగా విశ్రాంతి తీసుకోండి." వాళ్ళు తలూపేవాళ్ళు. ఆ తలూపడం వెనకాల ఏముందో నాకు కడుపొచ్చేదాకా తెలీలేదు. చివరి మాట దగ్గర వాళ్ళ కళ్ళు ఒక్క క్షణం పక్కకి పోయేవి, వంటింటి వైపు చూసినట్టు. అంతా బాగానే ఉంది గాని, ఆ విశ్రాంతి ఏ కొట్లో అమ్ముతారమ్మా అన్నట్టు.

ఒక స్టూలు వేయించమని గవర్రాజు గారిని అడిగాను. "ఇంకా రెండో నెలే కదమ్మా, కనబడ్డం కూడా లేదు. కస్టమర్ వచ్చేసరికి మనిషి కూర్చుని ఉంటే ఏం మర్యాద?" అన్నాడు, కుర్చీలో వెనక్కి వాలుతూ.

ఇదంతా వేట నిషేధం రోజుల్లో. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా, అరవై ఒక్క రోజులు, ఇంజిను పడవలు సముద్రం మీదికి పోకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. హార్బర్లో బోట్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఊగుతుంటాయి. మా ఇంట్లో ముగ్గురు మగవాళ్ళు, మావ తాతబాబు, గణేష్, మరిది నాగబాబు, వసారాలో వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటారు. చేపకి విశ్రాంతి, పడవకి విశ్రాంతి, ఇంజినుకి విశ్రాంతి. పొయ్యి మాత్రం పొద్దున్నించి ఆరదు. రోజూ వేటకెళ్ళే మగాడు ఇంట్లో రెండు పూటలు తింటాడు. వేట లేని మగాడు నాలుగు సార్లు తిని, ఆరు సార్లు టీ తాగుతాడు.

మావకి ఈ అరవై ఒక్క రోజులంటే భక్తి. ఓ రోజు నాగబాబు, తెల్లారకుండా పడవేసుకెళ్ళి వచ్చేస్తే ఎవడు చూస్తాడని నసిగాడు. మావ వల అల్లే సూది కింద పెట్టేశాడు. "కడుపుతో ఉన్నదాని జోలికెల్లడానికి సిగ్గు నేదేట్రా నీకు? అది ఒక్క పేణం కాదు. ఎన్ని పేణాలు మోత్తందో నీకు తెలుసా? దాన్ని ఒగ్గీయాల. దాని మానాన దాన్ని ఉండనియ్యాల. అప్పుడే రా సముద్రం మనల్ని సూత్తాది" అన్నాడు. ఆ గొంతులో వణుకుంది. టీ గ్లాసుల పళ్ళెంతో గుమ్మంలో నిలబడిపోయాను. ఎప్పుడూ చూడని ఒక తల్లి చేప కోసం ఇంత కరిగిపోయే మనిషి మా ఇంట్లో ఉన్నాడా అనుకున్నాను. మావ ఒక గుటకేసి, నా వైపు తిరక్కుండానే, "పంచదార తక్కువైనాదమ్మా, మల్లీ ఎట్టు" అన్నాడు.

ఇక నీళ్ళు. కుళాయి కింద సందులో. పొద్దున గంట, సాయంత్రం గంట. పూటకి ఎనిమిది బిందెల నీళ్ళు, రెండంతస్తుల మెట్లు. ఇంట్లో మనిషికింత అని ఎవరూ పంచలేదు గానీ, బిందెలు ఎప్పుడూ నా చంకకే వచ్చేవి. ఓ మధ్యాహ్నం కళ్ళు మూతలు పడిపోయి చాప మీద ఒరిగితే గణేష్ నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు, ముద్దుగానే నవ్వాడు. "ఏటి సేత్తన్నావనే ఇంత అలుపు?" అన్నాడు. నిజమే, ఏం చేస్తున్నాను? అనుకుంటూనే నిద్రలోకి జారిపోయాను.

ఎనిమిదో వారంలో, ఒక మంగళవారం పొద్దున, ఆరో బిందె దించాక బాత్రూంలోకి వెళ్తే మరక కనబడింది. రూపాయి బిళ్ళంత. గోడ పట్టుకుని నిలబడ్డాను. షాపులో అంతమందికి చెప్పిన మాట, ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళండన్న మాట, నాకు నేను చెప్పుకోలేకపోయాను. బయటికొచ్చి, బుర్ర పనిచెయ్యక, ముగ్గురికీ టీ పెట్టాను. చేతులు వాటంతటవే పంచదార వేశాయి. తప్పు ఎక్కడ చేశానా అని వెతుక్కున్నాను. మొన్న తిన్న బొప్పాయి ముక్కా? షాపులో నిలబడ్డమా? వద్దు వద్దనుకుంటూ ఎత్తిన ఆ ఆరో బిందా? గణేష్‌కి చెప్తే "ఊరికే కంగారు పడకు, అందరికీ ఉంటాదిలే" అన్నాడు. అందరికీ ఉంటుందో లేదో అతనికెలా తెలుసో నాకు తెలీదు.

అత్తకి చెప్పాను. ఆమె చేతులు కడుక్కుంది. పెట్టెలోంచి సింహాచలం వెళ్ళేటప్పుడు కట్టే చీర తీసి కట్టుకుంది. "పద" అంది.

ఆస్పత్రిలో సీసాడు నీళ్ళు తాగించి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, లోపలికి పిలిచారు. డాక్టరమ్మ శ్రీసత్య, నాకంటే రెండు మూడేళ్ళు పెద్దదేమో. పొట్ట మీద చల్లటి జెల్లు రాసింది. తెర మీద ముందు అంతా మబ్బు. ఆ మబ్బులో ఒక నల్లటి మడుగు. మడుగు ఒడ్డున, ఎండు రొయ్యపప్పంత, వంగి పడుకున్న ఒకటి. దాని నడిమిన ఏదో మిణుకుమంటోంది. ఆగకుండా, అలవకుండా. డాక్టరమ్మ ఏదో మీట నొక్కింది. గది అంతా చప్పుడు. పొగమంచులో ఇంకా కనబడని పడవ ఇంజిను శబ్దం ముందుగా ఒడ్డుకి చేరుతుందే, అలాంటి చప్పుడు.

"అదేటమ్మా, మిసను సప్పుడా?" అంది అత్త నా కాళ్ళ దగ్గర నిలబడి.

"మిషను కాదమ్మా. మీ ఇంటికి వచ్చేవాళ్ళు. గుండె. నిమిషానికి నూట అరవై సార్లు."

నేను మెట్లెక్కుతుంటే, బిల్లు కొడుతుంటే, కక్కుకుంటుంటే, టీలో పంచదార తక్కువైందనిపించుకుంటుంటే, నా లోపల ఒక గుండె తయారైంది. దానికి కొలతలు నేనివ్వలేదు. ఆ పనితనం నాకెవరూ నేర్పలేదు. ఏటి సేత్తన్నావని నవ్వాడే గణేష్, ఆ మధ్యాహ్నం చాప మీద కళ్ళు మూసుకుని నేను చేస్తున్నది ఇది. లోకంలో ఇంతకంటే పెద్ద పని ఇంకెవరైనా పడుకుని చేశారా?

అత్త ముందుకొచ్చి, పడవ నీళ్ళలోకి దించే ముందు దాని ముందరి కొమ్ముని తాకినట్టు, ఆ మిషను అంచుని తాకి, వేళ్ళు కళ్ళకద్దుకుంది.

"తల్లీ, నా మొదట్ది మూడో నెల్లో పోనాది. దానికీ ఇలాగే కొట్టుకుందా?"

డాక్టరమ్మ చెయ్యి ఆగింది. "కొట్టుకునే ఉంటుందమ్మా."

"గంప దించనేదనే పోనాదా?"

"అలా చెప్పలేమమ్మా. చాలాసార్లు ఎందుకు పోతుందో మాకూ తెలీదు. ఎవరి తప్పూ కాదు. మీ తప్పు కాదు."

"ముప్పై రెండేల్లు నా తప్పేననుకున్నాను" అంది అత్త. అంతే అంది. నేను పెళ్ళయి వచ్చాక ఆమె ఏడవగా చూడలేదు, అప్పుడూ ఏడవలేదు. తెర వైపే చూస్తూ నిలబడింది. కనిపించని ఇంకెవరినో కూడా అక్కడ చూస్తున్నట్టు.

డాక్టరమ్మ నాకూ చెప్పింది. మొదటి నెలల్లో కొంచెం రక్తం చాలామందికి కనబడుతుంది, గుండె బాగా కొట్టుకుంటోంది, నువ్వు చేసినదానివల్ల కాదు. ఎక్కువైనా, నొప్పి వచ్చినా వెంటనే రా. బాగా నీరసించి ఉన్నావు, బరువులు వద్దు, విశ్రాంతి తీసుకో. ఆ చివరి మాట దగ్గర నా కళ్ళు పక్కకి పోయాయి కాబోలు, అత్త నా ముఖం వైపు చూసింది.

ఆటో హార్బరు మీదుగా పోయింది. కట్టేసిన పడవల వరస కనబడగానే అత్త, "సూర్యకాంతానికి ఆ రోజే సెప్పినాను, నీ ముక్కుకి ఏ వాసనా తెలీదు గనక నోరు తిరుగుతందని" అంది. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను.

మేం మెట్లెక్కి వసారాలోకి వచ్చేసరికి సాయంత్రం అయిదయింది. ముగ్గురూ వల మధ్యలో ఉన్నారు. "ఏటన్నారు?" అన్నాడు గణేష్. బాగానే ఉందన్నారని చెప్పాను. "నాను సెప్పనేదా, ఉత్త కంగారని" అన్నాడు. అతని ముఖంలో భయం కరిగిపోవడం నాకు కనబడింది. నిజంగానే సంతోషించాడు. సంతోషించి మళ్ళీ వల వైపు వంగాడు.

అప్పుడే కింద కుళాయి గుర్రుమంది. సందులో బిందెల చప్పుడు మొదలైంది. ముగ్గురూ తలెత్తి నా వైపు చూశారు. కోపంగా కాదు, దబాయింపుగా కాదు. టైమెంతయిందో చూడ్డానికి గోడ గడియారం వైపు చూసినట్టు చూశారు.

నేను వెళ్ళి గోడకి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

"నీల్లొచ్చినాయమ్మా" అన్నాడు మావ.

"నేను మొయ్యను మావా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

మావ సూది ఆపాడు. "అదేటమ్మా, మాయమ్మ నన్ను కడుపులో ఎట్టుకుని కొండెక్కి కట్టెలు మోసింది. ఆడోల్లకి ఇయ్యన్నీ మామూలే కదా."

అత్త సింహాచలం చీర కుచ్చెళ్ళు ఎగదోపి, ఖాళీ బిందెలు నాలుగూ తెచ్చి, వల మీద, ముగ్గురి మధ్యా పెట్టింది.

"సేప కడుపుతో ఉందని ముగ్గురూ రెండు నెల్లు సముద్రమే ఒగ్గీసి కూకున్నారు. నా కోడలు రెండు నెల్లు బిందెలు ఒగ్గీత్తే మీ సొమ్మేటి పోద్ది?"