బల్ల మీది కిరీటం

జిద్దా పాతబస్తీ బలద్‌లో పదకొండేళ్లుగా ఫొటోలకు ఫ్రేములు కడుతున్నాను. ఖాజావలి అంటే ఈ సందులో అందరికీ తెలుసు. ఆఫీసు గోడలకు వెళ్లే పెద్దవాళ్ల ఫొటోలే ఎక్కువ. వాటికి ఒకటే కొలత: ముఖం, భుజాలు, చుట్టూ బంగారు రంగు ఫ్రేము. మిగిలింది కత్తెరకు పోతుంది. చెడితే స్టూడియో ఇంకొకటి తీసిస్తుంది. అందుకే నా చేతికి భయం లేదు, నాకు కాస్త పొగరు కూడా.

వచ్చే నెల కడప నుంచి నా భార్య సాబేరా మక్కాలో ఉమ్రా చేయడానికి రావాలి. ఇదే మొదటిసారి. ఇక్కడ ఉండడానికి నాకిచ్చిన అనుమతి కార్డు, ఇఖామా, ఉంటేనే ఆమె వీసా.

ఈలోగా ఒక ముసలాయన పాత కాగితం తెచ్చాడు. ఎవరో యూరప్ రాజు. రాగి రేకు మీద చెక్కి అచ్చు వేసిన బొమ్మట. ముఖం బాగా కనిపించాలని చెప్పి వెళ్లాడు. ఎంత చూసినా నాకు అంతుపట్టలేదు. కిరీటం తల మీద లేదు, పక్కన బల్ల మీద దిండుపై ఉంది. రాజు దాని వైపు చూడనైనా చూడడు. కాళ్ల దగ్గర సింహం కుక్కలా పడుకుని ఉంది. ఉక్కపోతకు తీసి పెట్టాడా, ఎవరైనా దించేశారా? కిరీటం పెట్టుకోనివాడు రాజెలా అవుతాడని విసుక్కున్నాను. అలవాటు కొద్దీ ముఖం, భుజాలు ఉంచి మిగతాది కోసేశాను. ముక్కలు చెత్తబండిలో పోయాయి.

ఫ్రేము చూసి ముసలాయన కేకలు వేయలేదు. కుర్చీలో కూలబడ్డాడు. ఆ కాగితానికి మూడు వందల ఏళ్లని, తల మీద లేకున్నా కిరీటం తనదేనన్న ధీమాయే ఆ రాజు గొప్పతనమని, ఇప్పుడు మిగిలింది జుట్టు పెంచుకున్న ఎవరో మనిషని మెల్లగా చెప్పాడు. నాకు సగమే అర్థమైంది. ముఖం అదే కదా, నేను తీసేసింది సామాను మాత్రమే కదా?

దుకాణం యజమానే నా కఫీల్, నా వీసాకు పూచీదారు. మామూలు తెల్ల తోబు వేసుకుని, చెప్పులు విడిచి, ఖర్జూరం తింటూ అంతా విన్నాడు. ఫోను తీసి బొటనవేలితో రెండుసార్లు నొక్కాడు. నా జేబులో ఫోను మోగింది. ఫైనల్ ఎగ్జిట్. ఇఖామా రద్దు, ఇక దేశం వదిలి పోవాలి.

కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. కడపకు ఫోను చేశాను.

“నువ్వు రావద్దులే సాబేరా. నేనే వచ్చేస్తాండా.”

“ఏం తప్పు జేసినావు?”

“ఒక రాజు బొమ్మ కోసేసినా.”

ఉమ్రాకని కుట్టించుకున్న బురఖా ఆ పొద్దునే వచ్చిందట.

“ఏ రాజు?” అంది.

“పేరు అడగల్యా.”