అబద్ధానికి తిరిగే ప్రొపెల్లర్

ఆ కొట్లో ఫ్యాను లేదు. ఎండ ముదిరే వేళకి బొమ్మ విమానాలు ఎగరేసేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరేవారు. ఎవరో ఒకరు తన విమానం మబ్బుల్ని తాకి వచ్చిందని మొదలుపెట్టగానే, గోడ మేకుకి తగిలించిన చెక్క ప్రొపెల్లర్ గిర్రున తిరిగి అందరికీ చల్లగాలి పంచేది. "సరే, చెట్లు దాటిందంతే" అని అతను ఒప్పుకుంటే ఆగేది. అబద్ధానికి తిరగడం, నిజానికి ఆగడం దాని పద్ధతి. అందులో ఎవరికీ వింతేమీ కనిపించలేదు. మొగుళ్ల వెంట వచ్చే ఆడవాళ్లకి మాత్రం ఆ కొట్టంటే మహా ఇష్టం.

అది ఆ కొట్టు పెట్టిన పెద్దాయన చెక్కిన ఆఖరి ప్రొపెల్లర్. విమానం ముక్కు నేలకి కొట్టుకుంటే ఆ ప్రొపెల్లర్‌ని మళ్లీ ఎవరూ వాడకుండా అక్కడికక్కడే విరిచెయ్యాలని ఆయన కొన్న ప్రతివాడికీ చెప్పేవాడు. పదకొండేళ్ల కిందట ఒక పోటీలో ఆయన చేసినదే ఒకటి తిరుగుతూ తిరుగుతూ పగిలి, చూడ్డానికొచ్చిన ఒకామె చెంప చీరేసింది. ఆ విమానం కప్పులాయనది. ఇంటినిండా గెలిచిన కప్పులే కనక ఆ పేరు. పుచ్చు చెక్క అంటగట్టాడని ఆయన అందరి ముందూ ప్రాణస్నేహితుడి మీద నింద వేశాడు. పెద్దాయన మళ్లీ ఉలి పట్టలేదు. కొట్టు కూతురి చేతికొచ్చింది, దాంతోపాటు కడుపుమంట కూడా.

అప్పట్నుంచి ఆ గడప తొక్కని కప్పులాయన ఒకరోజు కొత్త ఇంజను పట్టుకుని వచ్చాడు. ఆదివారం పోటీ. దీనికి ఏ ప్రొపెల్లర్ సరిపోతుందని అడిగాడు.

ఆమె ఇంజను చేతిలోకి తీసుకుని చూసింది. తొమ్మిదంగుళాలది ఇస్తే దానికి బరువు చాలదు, ఇంజను అదుపు లేకుండా తిరిగి మాడిపోతుంది. చెయ్యి అటే వెళ్లింది కూడా. ఇంజను మాడితే ఇంకోటి కొనుక్కుంటాడు, ఈ మనిషికి అది ఏ మూలకి అనుకుని ఆగింది. పదకొండంగుళాలది కావాలంది.

"గోడకున్నది పదకొండే కదమ్మా" అన్నాడాయన. ఇంజను ఒకవైపు, అబద్ధం ఒకవైపు తిప్పితే తనకి ఎదురుండదని లెక్క వేసుకునే వచ్చాడు.

ఆమె మేకు నుంచి తీసి ఇచ్చింది. "చిన్నాచితకా అబద్ధాలకి ఇది పరుగెత్తదు బాబాయ్. మీ దగ్గరున్న వాటిలో బరువైనది వెయ్యాలి. పైన ఎగిరేదానికి వినబడాలి కనక గట్టిగా అరవాలి."

కావలసినన్ని ఉన్నాయని ఆయన నవ్వుకుంటూ పోయాడు.

ఆదివారం ఆమె తండ్రిని చెయ్యి పట్టుకుని మైదానానికి తీసుకెళ్లి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆఖరి చుట్టులో కప్పులాయన విమానం రెండో స్థానంలో ఉంది. తనకింకా నలభై నిండలేదని అరిచాడు. కాస్త ఊపందుకుంది. భార్య మాట జవదాటనన్నాడు. ఇంకాస్త. అయినా చాలలేదు. అప్పుడాయన చూపు పెద్దాయన మీద పడింది.

"ఈయన చెక్క పుచ్చింది! నా తప్పేం లేదు!"

విమానం రివ్వున దూసుకెళ్లి అందరికంటే ముందు గీత దాటింది. చప్పట్లు లేవు. అది దేనికి తిరుగుతుందో మైదానంలో తెలియనివాళ్లు లేరు. చెంప మీద మచ్చ ఉన్నామె లేచి నిలబడింది.

విమానం ఆగలేదు. ఇంధనం అయిపోయినా ఆయన తల చుట్టూనే తిరిగింది, ప్రతి చుట్టుకీ కొంచెం కిందికి దిగుతూ. ఆయన చేతిలోని రిమోటు మీటలన్నీ నొక్కి చూశాడు, చివరికి రెండు చేతులతో తల కప్పుకుని కూలబడ్డాడు.

"ఆనాటిది అంతకుముందే ముక్కు నేలకి తగిలి చిట్లింది. జిగురు పెట్టి అతికించాను. నేనే."

ప్రొపెల్లర్ ఆగిపోయింది. విమానం ముక్కు నేలకి కొట్టుకుని పడింది. పెద్దాయన నెమ్మదిగా వెళ్లి ప్రొపెల్లర్ ఊడదీసి, మోకాలికి ఆనించి రెండు ముక్కలు చేశాడు.

కప్పులాయన, పెద్దాయన కూతురి దగ్గరికొచ్చి, నిజంగా బాధపడుతున్నాను, క్షమించమన్నాడు. ఆమె విరిగిన ముక్కల వంక చూసింది. ఆమెకి జాలి కలగలేదు.

"నిజమే అయ్యుండొచ్చు బాబాయ్. తేల్చి చెప్పేది ఇక లేదు."

తిరిగొచ్చే దారిలో పెద్దాయన, తన ఉలులు ఈపాటికి తుప్పు పట్టిపోయి ఉంటాయి కదా అన్నాడు.

"లేదు నాన్నా" అంది. "పదకొండేళ్లుగా నూనె రాస్తూనే ఉన్నాను."