సున్న కాదు

మనోరమ జొన్నరొట్టె తడుతూ ముందుగదిలో మాటలు వింటోంది. ఆమె భర్త మల్లికార్జున్ జహీరాబాదు హైస్కూల్లో చరిత్ర చెప్తాడు. అతని మిత్రుడు జగన్‌మోహన్ హైదరాబాదులోని విశ్వవిద్యాలయం నుంచి వచ్చి మూడు రోజులుగా వాళ్లింట్లోనే ఉన్నాడు. న్యాల్‌కల్ దిక్కున ఒక పల్లెలో పాత దిగుడుబావి ఉంది, దాని గోడలో కన్నడ శాసనం. మగవాళ్లిద్దరూ దాన్ని శోధిస్తున్నారు. ఆమె పాలికి ఆ శోధనంటే మూడు పూటలా రొట్టెలు, అడిగినప్పుడల్లా చాయ్, ఇద్దరి బురద బట్టలు.

బీదరులో ఆమె తండ్రి చెన్నబసప్ప కన్నడ పండితుడు. తాటాకులు ముందేసుకుని కూతురికి పాత అక్షరాలు నేర్పాడు. ఆమె కాపురానికి వచ్చిననాడు జహీరాబాదు కూడా బీదరు జిల్లానే. యాభై ఆరులో రాష్ట్రాలను భాషలవారీగా విడదీసినప్పుడు దాన్ని మెదక్‌లో కలిపారు. ఆరోజే అత్త బస్వమ్మ అంది, "మనం తెలుగోళ్లల్ల కలిస్తిమి. ఇగ నీ కన్నడం ఏ పొయ్యిల పెడ్తవు?" ఆరేళ్లయినా ఆ మాట పొగలా కళ్లలో మండుతూనే ఉంది.

"పేరులో 'చంద' దాకే మిగిలింది. చందయ్య అయ్యుంటుంది," అంటున్నాడు జగన్‌మోహన్. "చివర 'కట్టిసిదం' అని సున్న ఉంది చూడు. కట్టించాడు అని. మగవాడే."

మనోరమ పిండిచేతులు కొంగుకు తుడుచుకుని గడప దాటింది.

"సార్, జర ఆ కాగితం సూపిస్తరా?"

"రొట్టెలైనయా?" అన్నాడు మల్లికార్జున్.

ఆమె కాగితం అందుకుంది. రాతిమీద తడికాగితం అద్ది, సిరా పూసి తీసిన అచ్చు అది. వంగి చూసింది.

"ఇది సున్న గాదు సార్. 'ళ'. తోక అరిగిపోయింది, ఇగో, ఈడ జాడున్నది. కట్టిసిదం గాదు, కట్టిసిదళ్. బావి కట్టించింది ఆడామె. ఆడామె ఉన్నకాడ మీరు సున్న చదివిన్రు."

జగన్‌మోహన్ కాగితాన్ని వెలుగుకు పట్టి చూశాడు. లోపల పెనం మీద రొట్టె మాడింది.

మర్నాడు బావి దగ్గరికి బండిలో ఆమె కూడా వెళ్లింది. బస్వమ్మ గొణిగినా వెళ్లింది. రాతిని తడిపి గాడిలో వేలు పెట్టింది. తోక తగిలింది. తెలుగులో ఆడమనిషొచ్చినా 'వచ్చింది', బర్రె వచ్చినా 'వచ్చింది'. కన్నడంలో ఆడమనిషికి వేరే రూపముంది. ఇక్కడ ఒక ఆడమనిషి కోసమే చెక్కిన అక్షరం ఎనిమిది వందల ఏళ్లుగా ఎండకూ వానకూ ఓర్చి నిలబడింది. తండ్రి చేయి పట్టి దిద్దించిన అక్షరం.

నీళ్లకొచ్చిన ముసలి బీరమ్మ ఆగింది. "ఏం రాసుందవ్వా?"

"ఈ బాయి ఆడామె కట్టించిందని."

"పటేలు తాతలు కట్టిన్రంటరు గద మావోళ్లు! ఆడిదా?" బీరమ్మ బిందె దించింది. తడిచేత్తో ఆ అక్షరాన్ని తాకి కళ్లకద్దుకుంది.

రెండు నెలలకు, అచ్చుకు పోయేముందు సరిచూడమని, జగన్‌మోహన్ వ్యాసం పంపాడు. అందులో చందవ్వ ఉంది. కట్టించింది అని ఉంది. ఆఖరున, 'సరైన పాఠం సూచించిన మిత్రులు మల్లికార్జున్‌గారికి కృతజ్ఞతలు' అని కూడా ఉంది.

"నాదైతేంది, నీదైతేంది? ఒకటే ఇల్లు గద," అన్నాడు మల్లికార్జున్. అతని గొంతులో కపటం లేదు. అదే ఆమెను ఎక్కువ నొప్పించింది. ఆ రాయి అరగడానికి ఎనిమిది వందల ఏళ్లు పట్టింది. తన పేరు అరగడానికి రెండు నెలలు చాలాయి.

కలం తీసుకుని వ్యాసంలో భర్త పేరు కొట్టేసింది. పైన తన పేరు రాసింది. కవరు అంటించింది.

"తే, బడికి పోతపోత నేనేస్త," అన్నాడతను, ఆమె ముఖంలోకి చూడకుండా.

"వద్దు. నేనే పోత."

తపాలాఫీసులో గుమాస్తా శంకరప్ప రిజిస్టరు రసీదుల పుస్తకం తెరిచాడు. "పంపెటోళ్ల పేరమ్మా?"

"మనోరమ."

"మల్లికార్జున్ సారు భార్య అని రాయాల్నా?"

"అవసరం లేదు. మనోరమ, జహీరాబాదు. గంతే."

అతను రాశాడు. సిరా ఆరేదాకా ఆమె అక్కడే నిలబడి చూసింది.