జోథమ్‌కి నలభై మూడు

అక్రోటు తొక్కల రంగు పొయ్యి మీద చిక్కబడేదాకా అసాహెల్ గరిటె తిప్పుతూనే ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుగా కాలువ ఒడ్డున మంగలి దుకాణం నడుపుతున్నాడు. కుర్చీలో కూర్చున్నవాడి పుట్టుపూర్వోత్తరాలు రాబట్టందే వదలడని అతనికి పేరు. యుద్ధం మూడేళ్లు దాటాక పట్టణంలో గడ్డం గీయించుకునేవాళ్లు తగ్గి, జుట్టుకు రంగు వేయించుకునేవాళ్లు పెరిగారు. పటాలానికి తీసే చీటీలో పేరొచ్చినవాడు డబ్బిచ్చి బదులు మనిషిని పంపుకోవచ్చు. అలా డబ్బుకు పోయేవాళ్లను వెతికి తెచ్చే దళారీ హార్లో, వయసు మీరినవాళ్లని పటాలం డాక్టరు దగ్గరికంటే ముందు, వయసు తగ్గించడానికి ఇక్కడికి తెస్తాడు. అందుకే ఏడాదిగా అసాహెల్ వేళ్లకు ఆ మరకలు వదలడం లేదు.

ఈసారి చీటీ అతని అల్లుడు ఆరిన్‌కే తగిలింది. కూతురు లవీనాకి నెలలు నిండాయి. ఈ మధ్యాహ్నం బదులు మనిషి డాక్టరు ముందు నెగ్గకపోతే, సాయంత్రం ఆరిన్ రైలెక్కాలి.

హార్లో ఒక పొడుగాటి ముసలాయన్ని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. "మీ అల్లుడి బదులు పోయే మనిషి ఈయనే. నీ పనితనమంతా చూపించు" అని చెప్పి వెళ్లిపోయాడు.

"పేరేంటి పెద్దాయనా?"

"జోథమ్."

"వయసు?"

"నలభై మూడని హార్లో అన్నాడు. నాకంటే లెక్కలొచ్చినవాడు గదా."

అసాహెల్‌కి నవ్వొచ్చింది. ఆ తల మీద అరవై ఏళ్ల ఎండావానా కనిపిస్తూనే ఉంది. మెడ ముందుకు వంగి అలాగే నిలిచిపోయింది.

"పడవ మీద పనిచేశావా?"

"చుక్కాని పట్టాను. వంతెనొచ్చినప్పుడల్లా వంగి వంగి మెడ ఇలా అయింది. ఇప్పుడు వంతెన లేకపోయినా వంగుతా."

అసాహెల్ పాయలు పాయలుగా రంగు పట్టించి, కనుబొమలకీ దిద్దాడు. అది ఆరాక, కడగడానికి జోథమ్ చొక్కా విప్పాడు. అసాహెల్ చేతిలో చెంబు అలాగే ఆగిపోయింది. ఆయన గుండెల నిండా తెల్లటి వెంట్రుకలు దట్టంగా ఉన్నాయి.

"నెత్తి మీద అమావాస్య, గుండెల మీద పున్నమి. డాక్టరు బట్టలన్నీ విప్పించి చూస్తాడయ్యా. పోయిన నెల ఒకాయన ఇలాగే పోయి ఇలాగే తిరిగొచ్చాడు."

"రంగెయ్యి మరి."

"అక్కడ నిలవదు. చెమటకు కారిపోతుంది. గీసేస్తాను."

నురగ పట్టించి కత్తి ఆనించగానే జోథమ్ మెలికలు తిరిగాడు. అరవై ఏళ్ల మనిషికి అంత చక్కిలిగిలి ఉంటుందని అసాహెల్ అనుకోలేదు. ఇద్దరూ నవ్వు ఆపుకోలేక కాసేపు పని ఆపేశారు. ఆ నవ్వులోనే అసాహెల్ తనని తొలుస్తున్న మాట అడిగేశాడు.

"ఈ వయసులో నీకెందుకీ పని?"

జోథమ్ కాస్త ఆలోచించాడు. "మా ఆవిడ పోయాక నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. అక్కడ పొద్దునా సాయంత్రం పేరు పిలుస్తారట గదా. పలక్కపోతే వెతుకుతారట కూడా." ఆపైన నెమ్మదిగా అడిగాడు. "మీ అల్లుడు మంచివాడేనా?"

"కొంచెం బద్ధకస్తుడు."

"పోనీలే. అలాంటివాళ్లు ఇంటిపట్టున ఉంటారు."

అసాహెల్ అద్దం ఇస్తే జోథమ్ దాన్ని ముక్కుకు తగిలేంత దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూసుకున్నాడు. ముసలాయనకు సోకు ఎక్కువేననుకున్నాడు అసాహెల్.

"చాల్లే తమ్ముడూ, ముచ్చటగానే ఉన్నావు."

"నేను తమ్ముడినా?"

"నాకు యాభై మరి."

హార్లో వచ్చి ఆయన్ని తీసుకుపోయాడు. ఆ తర్వాత అసాహెల్ ఇద్దరికి గడ్డం గీశాడు గానీ, వాళ్ల కబుర్లేవీ చెవికెక్కలేదు. మధ్యాహ్నం లవీనా ఆయాసపడుతూ వచ్చింది.

"నాన్నా, ఆ పెద్దాయన నెగ్గాడు. పళ్లు చూశారట, గెంతించారట, అన్నీ బాగున్నాయన్నారట" అంటూ తండ్రి మరకల చేతిని చెంపకు ఆనించుకుని ఏడ్చింది. తన చేతులు ఇంత మంచి పని ఎన్నడూ చేయలేదనిపించింది అసాహెల్‌కి. చెప్పలేనంత సంతోషం కలిగింది.

బదులు మనుషులు దారిలో పారిపోతారని వాళ్లను కాపలాతోనే రైలు దగ్గరికి నడిపిస్తారు. సాయంత్రం ఆ వరస దుకాణం ముందు నుంచి పోతుంటే అసాహెల్ గడప దాటి నిలబడ్డాడు.

"జోథమ్!" అని పిలిచాడు.

ఆయన మొహం వెలిగిపోయింది. చెయ్యెత్తి ఊపాడు. అసాహెల్ వైపు కాదు, పక్కనున్న దీపస్తంభం వైపు. దానికేసే ఆప్యాయంగా నవ్వి, ముందువాడి భుజం మీద చెయ్యి వేసుకుని నడిచిపోయాడు. ఇదేం వేళాకోళమనుకుంటూ అసాహెల్ లోపలికొచ్చి, బల్ల మీది తడి తువ్వాలు తీశాడు. దాని కింద కళ్లద్దాలున్నాయి. పెట్టుకుని చూస్తే దుకాణమంతా నీళ్లలో మునిగినట్టు అలుక్కుపోయింది.

ఇప్పటిదాకా ఆ వెంట్రుకల రంగొక్కటే తాను చేసిన మోసమనుకున్నాడు అసాహెల్. ఈ మనిషికి ఎదురొచ్చేవాడు కూడా కనబడడు. రైలింకా కూత వెయ్యలేదు. స్టేషను వీధి చివరే. పరుగెత్తితే అందుతుంది. కానీ ఇవి కాపలావాళ్ల కంటబడితే ఆయన్ని మళ్లీ డాక్టరు ముందు నిలబెడతారు. అప్పుడు ఆరిన్ పోవాలి. అసాహెల్ తలుపు దాకా వెళ్లాడు. సిగ్గుపడుతూనే వెనక్కొచ్చి తన కుర్చీలోనే కూర్చున్నాడు.

కూత వినబడింది, చక్రాల చప్పుడూ దూరమైంది. చేతిలో కళ్లద్దాలు అలాగే ఉన్నాయి. విరిగిన ఒక కాడకు ఎవరో ఆడమనిషి ఎర్ర నూలుతో, దగ్గర దగ్గరగా, ఓపిగ్గా కట్టిన కట్టు ఉంది.