నాలుగో చప్పుడు

"చెవి చూపించుకోవడానికి వెళ్లేలోపు అమ్మకి బీపీ మాత్ర ఇచ్చి వెళ్లు," అన్నారు మా ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా. ఇచ్చాను. నీళ్లు కాచి ఫ్లాస్కులో పోశాను. ఆయన చొక్కా ఇస్త్రీ చేశాను. "ఇంట్లోవాళ్లం పిలిస్తే వినపడదు గానీ, లేనివన్నీ వినిపిస్తాయి నీకు," అంది అత్తయ్య మాత్ర మింగుతూ. ఆ మాటలో కోపం లేదు. పిల్ల పోయిన దగ్గర్నుంచి ఆవిడా దాని గది తలుపు వైపు చూడడం మానేసింది.

మా అమ్మాయి తొమ్మిదేళ్లు బతికింది. హోంవర్కు అయిపోగానే తన గది గోడ మీద చప్పుడు చేసేది. గబగబా మూడు, కాస్త ఆగి నాలుగోది. ఇవతల వంటింట్లోంచి నేను గరిటెతో ఒక్కసారి కొట్టి బదులివ్వాలి. అది మా ఇద్దరి ఒప్పందం. తను వెళ్లిపోయి ఎనిమిది నెలలు. ఆ చప్పుడు ఆగలేదు. నేనే బదులివ్వడం మానేశాను.

ఆస్పత్రిలో చెవి పరీక్ష గది అగ్గిపెట్టెంత ఉంది. తలుపు వేస్తే నా ఊపిరే నాకు వినిపించింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, శబ్దం వినిపించినప్పుడల్లా నొక్కమంది పరీక్ష చేసే అమ్మాయి. అద్దం అవతల కూర్చుంది. పావుగంట తర్వాత వచ్చి తలుపు తీసింది. మొహం పాలిపోయి ఉంది.

"మేడమ్, మిషన్ ఆపేసి ఐదు నిమిషాలైంది. మీరింకా నొక్కుతూనే ఉన్నారు."

"వినిపిస్తుంటే నొక్కాను."

"మూడుసార్లు గబగబా, ఆగి ఒకటి. ఒక్కసారి కూడా తప్పలేదు మేడమ్," అంది మెల్లగా.

డాక్టరు మాత్రం ఆశ్చర్యపోలేదు. "చెవిలో లోపమేం లేదమ్మా. ఇలాంటి బాధలో మామూలే. ఈ మాత్రలు నెల రోజులు వాడితే ఇంకేమీ వినిపించవు," అన్నారు చీటీ రాస్తూ.

"ఏమీ వినిపించవా?"

ఆయన భరోసాగా నవ్వారు.

మూడో పీరియడ్‌కి బడి చేరాను. గుమ్మంలోనే హెడ్మాస్టరుగారు. "టీచరమ్మా, వార్షికోత్సవం పాట చివరి పాదానికి వరస ఇవాళైనా కుదురుతుందా? ఆహ్వానం కార్డు అచ్చుకి పంపాలి." పదకొండేళ్లుగా ఈ బడి పాటలకు నేనే వరసలు కడుతున్నాను. కార్డు మీద 'సంగీతం: పాఠశాల' అని వేస్తారు. ఓసారి అడిగితే, "మన బడిలో నీది నాది అని ఏముందమ్మా" అన్నారాయన. కార్డులో ఆయన పేరు మాత్రం రెండు చోట్ల ఉంటుంది.

మెట్లెక్కుతుంటే మా ఆయన ఫోను. "మాత్రలు కొన్నావా? ఇవాళ్టి నుంచే మొదలుపెట్టు. ఇంట్లో అందరికీ కాస్త మనశ్శాంతి."

క్లాసులో నలభై మంది. చివరి పాదం దగ్గరికొచ్చేసరికి పాట మళ్లీ కుంటింది. వారం రోజులుగా ఇంతే. ఏమనిపించిందో, "అక్కడ పాడకండి. మూడు చప్పట్లు కొట్టి ఆగండి," అన్నాను. గబగబా మూడు చప్పట్లు పడ్డాయి. గది నిశ్శబ్దమైంది.

వెనక గోడ మీద నాలుగోది వినిపించింది.

నలభై తలలూ ఒక్కసారిగా వెనక్కి తిరిగాయి.

"గోడ అవతల ఎవరున్నారు టీచర్?" అంది ముందు బెంచీ పిల్ల.

అవతల ఏమీ లేదు. మేడ మీద చివరి గది మాది.

డస్టరు తీసుకుని బల్ల మీద ఒక్కసారి కొట్టాను. తర్వాత కూర్చుని, మందుల చీటీ తిరగేసి, వెనకవైపు చివరి పాదం వరస రాశాను. కింద 'సంగీతం' అని రాసి, పదకొండేళ్లలో మొదటిసారి నా పేరు పెట్టాను. పక్కనే మా అమ్మాయి పేరు.