ముక్కు కింద నీడ

దూది బాబాయికి కళ్ళు పోతున్న సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు కంటి డాక్టరు, ఇంకొకరు ఆయన భార్య. మూడో మనిషి చెవిన పడితే తన పని అయిపోయినట్టేనని ఆయన భయం. భయపడ్డాడని తప్పు పట్టకండి. ముప్పై ఆరేళ్ళు ఫోటోలకి లైట్లు పెట్టి బతికిన మనిషి, నాకు చూపు ఆనడం లేదని ఏ మొహం పెట్టుకుని చెప్పుకుంటాడు?

ఆయనకి అసలు పేరు ఒకటి ఏడ్చింది గానీ, దాన్ని ఎవరూ వాడరు. ఆయన పెట్టిన లైటు మొహం మీద దూదిలా వాలుతుందని ఎప్పుడో ఎవరో అన్నారు, ఆ దూది అలాగే అంటుకుపోయింది. పెద్దా చిన్నా అందరికీ బాబాయే.

డాక్టరు నాన్చకుండా చెప్పేశాడు. "కంటి లోపలి పొర అరిగిపోతోందండీ. దీనికి ఆపరేషన్ లేదు, అద్దాలు మార్చినా లాభం లేదు. పోయిన చూపు తిరిగి రాదు. ఈ మాత్రలు వేసుకోండి, బలానికి." బలం ఎవడిక్కావాలి? బాబాయి చీటీ మడిచి జేబులో కుక్కుకుని, "ఈ డాక్టరుకి ఏమీ తెలీదు" అని మెట్ల మీదే తేల్చేశాడు. అలా అంటూనే ఆఖరి మెట్టు చూసుకోక తూలి, భార్య భుజం పట్టుకున్నాడు. అప్పటికే ఆయనకి గోడ ఎక్కడ ముగిసి గుమ్మం ఎక్కడ మొదలవుతుందో సరిగ్గా తెలియడం లేదు. లోకమంతా పల్చటి తెర వెనక ఉన్నట్టు ఉండేది.

ఇది జరిగిన ఏడు నెలలకి అన్నకూతురు ఎగురుకుంటూ వచ్చింది. అన్న పోయాక ఆ పిల్ల చేతికి కెమెరా ఇచ్చి నిలబెట్టింది బాబాయే. ఇప్పుడు దానికి ముప్పై దాటాయి. సొంతంగా ఒక స్టూడియో నడుపుతోంది. స్టూడియో అంటే ఏముంది, తెల్లసున్నం వేసిన ఒక పొడుగాటి గది, దానికో పెద్ద కిటికీ.

"దొరికింది బాబాయ్!" అంది చెప్పులు విప్పకుండానే. "పాతకాలం ఫ్యాషన్ గౌన్లు కుట్టే ఒకావిడ ఉంది. బుట్టచేతులు, గుండ్రటి కాలర్లు, లేసు అంచులు, అన్నీ వెలిసిపోయిన గులాబీ రంగులు. మొత్తం పన్నెండు గౌన్లు. ఫోటోలు అమ్మమ్మల ఆల్బమ్‌లోంచి తీసినట్టు మెత్తగా ఉండాలట. డిజిటల్ వద్దు, ఫిల్మే కావాలంది. నీ పాత ఫోటోలు చూసి ఆవిడ ఫ్లాట్ అయిపోయింది. లైటు నువ్వే పెట్టాలని షరతు కూడా పెట్టింది."

"నేనెందుకమ్మడూ, నీకు రాదా ఏంటి?"

"బతిమాలించుకోకు. ఇది బాగా వస్తే ఏడాది పొడుగునా ఆవిడ పనంతా నాకే. రాకపోతే స్టూడియోకి తాళం వేసేసి ఎక్కడో ఉద్యోగంలో చేరాలి. నిజంగానే బాబాయ్, ఇదే ఆఖరుది."

వంటింటి గుమ్మంలో నిలబడి భార్య వద్దన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపింది. ఆ దూరం ఆయన చూపుకి అందలేదు. అందినా ఒప్పుకునేవాడే, మొండిఘటం.

పిల్ల వెళ్ళాక భార్య మీదపడింది. "సరే అనేశారా? చెప్పేస్తే మీ సొమ్మేం పోయింది?"

"చెప్తే దాని పని పోతుంది."

"చెప్పకపోతే ఉంటుందా?"

"కొలతలున్నాయి కదే. కళ్ళతో పనేముంది, లైటంటే సగం కొలతలే" అన్నాడు. మిగతా సగం ఏమిటని ఆవిడ అడగలేదు, ఆయన చెప్పలేదు.

నిజం చెప్పాలంటే, ఆయన వేసిన ప్లాను చూస్తే ఎవరైనా శభాష్ అంటారు. మూడు రోజులు గళ్ళ కాగితాల మీద లావుపాటి స్కెచ్ పెన్నుతో గీశాడు. పెద్ద దీపం కుర్చీకి ఎనిమిది అడుగుల దూరంలో. మధ్యలో చట్రానికి బిగించిన పల్చటి మల్లు గుడ్డ, మొహానికి సరిగ్గా మూడడుగుల్లో. ఆ గుడ్డ మొహానికి ఎంత దగ్గరగా ఉంటే లైటు అంత మెత్తగా పడుతుంది. రెండో పక్క నీడని పల్చబరచడానికి తెల్లటి థర్మోకోల్ పలక, వెనక లేసు తెర, ఫోటో మెత్తగా దిగేలా కెమెరా కంటికి ఆడవాళ్ళ సన్న మేజోడు ఒక పొర. దూరాలన్నీ తాడుకి ముడులు వేసి పెట్టుకున్నాడు, చూడక్కర్లేకుండా వేళ్ళతో తడిమి తెలుసుకోవచ్చని. ఖాళీ స్టూడియోలో నేల మీద రంగు టేపులు అతికించి, చెప్పుల్లేకుండా నడిచి, ఏ టేపు ఎక్కడుందో పాదాలకి నేర్పాడు. తాడు రెండో చివర పట్టుకుని నిలబడింది భార్యే. తిడుతూనే నిలబడింది, పట్టు మాత్రం వదల్లేదు.

షూటింగ్ రోజు పొద్దున మొదటి మూడు గౌన్లూ ఆ కొలతల మీదే సాఫీగా నడిచాయి. మోడల్ పిల్ల కుర్చీలో కూర్చుంది, ఒళ్ళో చేతితొడుగులు పెట్టుకుంది, కిటికీ వైపు చూసింది. లైటు కొలిచే మీటరు మీద అంకెలు ఆయనకి ఆనవు కాబట్టి, "నువ్వే చదువమ్మడూ, ఎన్నాళ్ళు నేను చదివి పెట్టను?" అని అన్నకూతురి మీదికి నెట్టేశాడు. అది నవ్వుతూ చదివింది. ఎవరికీ అనుమానం రాలేదు. బాబాయి ఈల కూడా వేశాడు.

నాలుగో గౌను దగ్గర, అవి కుట్టిన డిజైనరమ్మ లేచి నిలబడింది. "కూర్చున్నవి చాలు. ఈ అమ్మాయి ఆ మూలనున్న కోడిగుడ్డు ఆకారం అద్దం ముందు నిలబడి జుట్టు సవరించుకుంటుంటే ఎంత బాగుంటుందో చూడండి. మిగతావన్నీ అలాగే తీద్దాం."

నిజంగానే బాగుంటుంది, అందులో ఆవిడ తప్పేం లేదు. కానీ అక్కడికి తాడు ముడులు లేవు, టేపులు లేవు. గుడ్డ చట్రం పట్టుకెళ్ళి దగ్గర పెడితే అద్దంలో పడుతోంది. దూరం జరిపితే లైటు చాలడం లేదు.

"ఇంత తక్కువ లైటులో ఫోటో కదిలిపోతుంది బాబాయ్" అంది అన్నకూతురు మీటరు చూసి.

అందరూ ఆయన వైపు చూస్తున్నారు. బాబాయి తిన్నగా మోడల్ పిల్ల దగ్గరికి నడిచి, ఆమె చెంప పక్కన తన పిడికిలి పెట్టాడు. ఆయన చూసే తీరే అది, మొదటి రోజు నుంచీ అంతే. పిడికిలి కణుపుల నీడ అంచు గీత గీసినట్టుంటే లైటు గట్టిది, అంచు కరిగిపోతుంటే మెత్తది. ఏడు నెలలుగా దాచుకున్న జబ్బుని ఆ ఒక్క నిమిషం మరిచిపోయాడు మహానుభావుడు! అలవాటు కొద్దీ చెయ్యి లేచింది, అలవాటు కొద్దీ చూశాడు. నీడ అంచు వెన్నలా కరిగి కనిపించింది. కనిపించదా మరి? ఆ కళ్ళకి కత్తి అంచు కూడా అలాగే కనిపిస్తుంది.

"తీసెయ్యండి ఆ గుడ్డ!" అన్నాడు హుషారుగా. "గోడలు తెల్లగా ఉన్నాయి, గదే మెత్తబరిచేస్తోంది. ఆ మేజోడు కూడా పీకెయ్యి, ఇంత మెత్తటి లైటుకి అదీ ఉంటే మొహం ముద్దయిపోతుంది."

అన్నకూతురు కెమెరాలోంచి చూసింది. "బాబాయ్, ముక్కు కింద నీడ కొంచెం గట్టిగా ఉందేమో… ఉండు, ఒక్కసారి ఫోన్లో తీసి చూస్తా."

బాబాయికి సర్రున కోపం వచ్చింది. "ఫోన్లో చూసి లైటు పెట్టుకునేదానివి నన్నెందుకు పిలిచావ్? ఆ ఫోన్నే పిలుచుకోవాల్సింది! నువ్వు పుట్టకముందు నుంచి నీడలు చూస్తున్నానే నేను. ఫిల్ములో అదే కరుగుతుంది."

"అంతే మరి, బాబాయి గారి కంటి ముందు ఫోనెంత!" అని డిజైనరమ్మ నవ్వింది. పిల్ల సిగ్గుపడి ఫోను జేబులో పెట్టేసింది.

చిత్రమేమిటంటే, ఆ నీడ గదిలో అందరికీ కనపడుతూనే ఉంది. అద్దంలో మోడల్ పిల్ల చూసింది, మనకెందుకని ఊరుకుంది. డిజైనరమ్మ చూసింది, ఫిల్ము మహిమ మనకేం తెలుసులే అనుకుంది. అన్నకూతురు కెమెరాలోంచి తొమ్మిది గౌన్లసేపు దాన్నే చూస్తూ, బాబాయి చెప్పాడు కదా అని బటన్ నొక్కుతూ పోయింది.

ఆ సాయంత్రం బాబాయి ఇంటికి రాజులా వచ్చాడు. "చూశావా? ఏదో కొంప మునిగిపోతుందన్నావ్!" అని భార్యని ఏడిపించాడు. ఆవిడ కూడా నిజమే కాబోలనుకుని చాలారోజుల తర్వాత తేలిగ్గా నవ్వింది.

రెండు రోజుల తర్వాత పది గంటలకి ల్యాబ్ నుంచి ఫోటోలు వచ్చాయని కబురొచ్చింది. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టూడియోకి వెళ్ళాడు. కిటికీ దగ్గర బల్ల మీద ఫోటోలు వరసగా పరిచి ఉన్నాయి. డిజైనరమ్మ, అన్నకూతురు బల్లకి అటూ ఇటూ నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడలేదు. అంత బాగా వచ్చాయన్నమాట, నోట మాట రావడం లేదు పాపం అనుకున్నాడు బాబాయి.

అద్దం ముందు తీసిన ఫోటో ఒకటి తీసుకున్నాడు. గులాబీ రంగు, తెల్లటి మొహం, చుట్టూ వెలుగు, అంతా మంచులో ముంచి తీసినట్టుంది. ఆయన గుండె నిండిపోయింది. తన చెయ్యి పోలేదు, తన పని పోలేదు. డాక్టరు మాట నిజంగానే అబద్ధం.

"అబ్బ! ఏం దిగిందమ్మడూ! వెన్న, వెన్న! చెప్పానా లేదా, గుడ్డ అక్కర్లేదని? ఆ బుగ్గ మీద నుంచి నీడ ఎలా జారిందో చూడు. నా జన్మలో ఇంత మెత్తటి ఫోటో రాలేదు."

బయట ఎవరో బకెట్ ఈడుస్తున్న చప్పుడు వినపడింది.

"బాబాయి గారూ," అంది డిజైనరమ్మ చాలా నెమ్మదిగా, "ముక్కు కింద నల్లగా మీసంలా నీడ పడింది. కళ్ళ కింద గీతలు, పౌడరు పగుళ్ళతో సహా కనపడుతున్నాయి. లేసు ఇనపతీగలా ఉంది. మీకు… కనపడటం లేదా?"

బాబాయి ఫోటోని కళ్ళకి దగ్గరగా తెచ్చుకున్నాడు. దూరంగా పెట్టాడు. కిటికీ వైపు తిప్పాడు. ఎటు తిప్పినా వెన్నే.

"తప్పు నాదండీ," అంది అన్నకూతురు. "నేను ఫోన్లో చూసుకోవాల్సింది."

"తప్పెవరిదైతే ఏం లేమ్మా, వచ్చే వారం గౌన్లు అమ్మకానికి పెడుతున్నాను. వేరేవాళ్ళ చేత మామూలు కెమెరాతోనే తీయించుకుంటాను. ఏమీ అనుకోకు." ఆవిడ గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే ఎంతో బాగుండేది. చెప్పుల చప్పుడు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అన్నకూతురు బల్ల మీది నుంచి ఇంకో ఫోటో తీసి ఆయన చేతిలో పెట్టింది. "ఈ అమ్మాయి కళ్ళు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా బాబాయ్?"

ఆయన చాలాసేపు చూశాడు. "తెరిచే ఉన్నాయి."

ఆమె ఫోటో వెనక్కి తీసేసుకుంది. "ఎప్పట్నుంచి?"

"డాక్టరు చెప్పి ఏడు నెలలు."

"పిన్నికి తెలుసా?"

"తెలుసు. చెప్పమనే పోరింది. చెప్తే నువ్వు నన్ను పిలిచేదానివి కాదమ్మడూ."

"పిలిచేదాన్ని బాబాయ్." ఆమె ఫోటోని బల్ల మీద బోర్లా పెట్టింది. "నువ్వు పిడికిలి పెడితే, నీడ ఎలా ఉందో నేను చూసి చెప్పేదాన్ని. అంతేగా. అంతకంటే ఏం కావాలి మనకి?"

ముప్పై ఆరేళ్ళలో ఎన్ని చిక్కులకి ఉపాయం కనిపెట్టాడో, ఇంత తేలిక ఉపాయం ఆయన బుర్రకి తట్టలేదు. ఇప్పుడు తట్టి లాభం లేదు. ఆ పనీ పోయింది, ఆ గదీ పోతుంది, తన వల్లే. ఆయన బల్ల అంచు వెతికి పట్టుకుని ఆమె వైపు తిరిగాడు. రెండడుగుల దూరంలో, కిటికీ వెలుగులో ఆమె మొహం చల్లగా, మెత్తగా, ఏ బాధా లేనట్టు ఉంది.

"ఏడుస్తున్నావా అమ్మడూ?" అని అడిగాడు.

"లేదు," అందామె.

అది నిజమో కాదో చూసి తెలుసుకోవడం ఆయనకి చేత కాలేదు.