చాలన్న కబురు

ఫోన్ మోగేసరికి ఆమె చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుంది. "అమ్మాయీ, మన పేపరు అచ్చుకు తీసుకున్నారు!" అన్నారు ల్యాబు పెద్దసారు. ఎగిరి గంతేసింది. పెళ్లయి ఏడు వారాలు. ఈమధ్య ప్రతిదానికీ సంబరమే: తీగ మీద అతని చొక్కా పక్కన తన చున్నీ ఎగిరినా సరే. ఇది మాత్రం నాలుగేళ్లుగా ఎదురుచూసిన సంబరం.

"రేపటి సభలో దాన్ని మన ల్యాబులో కొత్తగా చేరినతను చదువుతాడులే. కొత్త కాపురం, నీకెందుకమ్మా శ్రమ!"

అంతే, పెట్టేశారు.

ఆ పేపరు మెదడులోని రెండు రసాయనాల గురించి. మెదడును మెలకువగా, అప్రమత్తంగా ఉంచేది నోరెపినెఫ్రిన్. గంజాయిలోని మత్తుపదార్థాన్ని పోలిన మరో రసాయనాన్ని మెదడు తానే తయారుచేసుకుంటుంది. పక్క కణం నుంచి కబురందుకున్న కణం దాన్ని వెనక్కి పంపి, ఆ పక్క కణంతో "ఇక చాలు" అంటుంది. ఈ రెంటికీ ఎక్కడ పొత్తు కుదురుతుందో, ఎక్కడ చెడుతుందో తేల్చడానికి ఆమె గాజుపలకల మీది మెదడు పొరల్లో రంగు చుక్కలు లెక్కపెట్టింది, లెక్క ఎటూ మొగ్గకుండా, ఏ పలక ఏ గుంపుదో తనకే తెలియకుండా అంకెల మీద కాగితం అంటించి. ఓసారి పొర చిరిగిన అంచు చూసి ఒక పలకను గుర్తుపట్టేసింది. ఎవరూ చూడలేదు. అయినా నూట నలభై పలకలూ మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. అప్పటికి ఆ కొత్తతను ల్యాబు గడపే తొక్కలేదు. ఇక్కడేమో "కూర్చుని చుక్కలు లెక్కపెడితే కూడా అలుపేనా అమ్మాయ్" అని అత్తగారు పెళ్లయిన మూడోరోజే నవ్వారు. భర్త మంచివాడే. ఆ మంచితనం అంట్ల దాకా రాదు. ఈ ఇంట్లో చాలన్న కబురు ఎవరు పంపుతారు?

"ఏంటోయ్, మొహం అలా వాడిపోయింది?" అంటూ అతనే వచ్చాడు. చెప్పింది.

"పోనీలే, మంచిదేగా! రేపు అక్కావాళ్లు భోజనానికొస్తున్నారు. నువ్వు లేకపోతే అమ్మ ఒక్కతే అయిపోతుంది."

"నువ్వుంటావుగా?"

"నేనా?" జోకు విన్నట్టు నవ్వాడు. ఏడు వారాలుగా ఆమె కరిగిపోయింది ఆ నవ్వుకే. ఇవాళ కరగడానికి కూడా ఓపిక లేదు.

చేతులు తుడుచుకుని సారుకి ఫోన్ చేసింది. "సారూ, రేపు నేనే చదువుతాను. లెక్క ఎలా పెట్టారని ఎవరైనా అడిగితే అతనేం చెప్తాడు?"

"సరేనమ్మా. పదింటికల్లా వచ్చెయ్."

హాల్లోకి వినపడేలా చెప్పింది: "అత్తయ్యా, రేపు నేను ఎనిమిదింటికే వెళ్తున్నా. సాయంత్రం దాకా రాను. మీ అబ్బాయి సెలవు పెడుతున్నాడు, వంట తనే చేస్తాడు."